గోదావరి దాటింది, కొవ్వూరు దగ్గర ఆగింది: ఒకే స్క్రిప్టును మూడు రకాల కంప్యూటర్ల మీద నడిపిన నా అనుభవం

2025 జూలై 28, సోమవారం మొదలుపెట్టిన పని ఆగస్టు 23, శనివారం పూర్తయింది. మొత్తం 27 రోజులు. ట్రస్టు వాళ్లకు నేను మొదట చెప్పిన గడువు ఐదు రోజులు. తెలుగు పేర్లున్న ఫైళ్లతో ఇలాంటి పనికి దిగేవాళ్లకు ఏ దశలో ఏం ఎదురవుతుందో ముందే తెలిస్తే మేలని, నోట్‌బుక్‌లో రోజువారీగా రాసుకున్నది ఇక్కడ పెడుతున్నాను.

పని ఇది. కొవ్వూరులో ఒక చిన్న ట్రస్టు పాత తెలుగు పుస్తకాలు స్కాన్ చేయిస్తోంది. అప్పటికి 640 పుస్తకాలు అయ్యాయి. ఒక్కో పుస్తకానికి ఒక ఫోల్డర్, అందులో పేజీకో బొమ్మ. ఎక్సెల్ జాబితాలో వరస సంఖ్య, పుస్తకం పేరు, రచయిత, అచ్చయిన సంవత్సరం ఉంటాయి. ఫోల్డర్‌కు జాబితాలోని పేరు పెట్టి, బొమ్మలన్నీ కలిపి పీడీఎఫ్ చేసి, సర్వర్‌లోకి ఎక్కించే స్క్రిప్టు కావాలన్నారు. 18,000 రూపాయలకు ఒప్పుకున్నాను. నా ఉబుంటు ల్యాప్‌టాప్ మీద ముందు రోజు ఆదివారమే కూర్చుని 140 లైన్ల బ్యాష్ స్క్రిప్టు (టెర్మినల్‌లో ఇచ్చే ఆదేశాలన్నీ వరసగా ఉన్న ఫైలు) రాసేశాను. మూడు పుస్తకాలతో నడిపి చూస్తే ఎక్కడా ఆగలేదు.

కానీ అది నడవాల్సింది నా ల్యాప్‌టాప్ మీద కాదు. స్కానింగ్ గదిలో ఉన్నది విండోస్ కంప్యూటర్. దాని మీద పనిచేసే కుర్రాడు డిగ్రీ చదువుతూ సాయంత్రాలు వస్తాడు. పేజీలు సరిచూసేది రాజమండ్రిలో మా వీధి చివర ఉండే రిటైర్డ్ తెలుగు మాస్టారు. వాళ్లమ్మాయి అమెరికా నుంచి తెచ్చిచ్చిన మ్యాక్‌బుక్ ఆయనది. చివరికి అన్నీ చేరేది అద్దెకు తీసుకున్న లినక్స్ సర్వర్. మూడు చోట్లా ఒకే స్క్రిప్టు నడిస్తే తప్ప పని జరిగినట్టు కాదు.

మొదటి రెండు రోజులు అసలు కోడ్ జోలికే పోలేదు. విండోస్‌లో లినక్స్ పెట్టుకునే సదుపాయం ఉంది కదా, డబ్ల్యూఎస్‌ఎల్, అది వేసేస్తే సరిపోతుందని గోదావరి దాటి వెళ్లాను. దానికి కావాల్సిన వర్చువలైజేషన్ బయోస్‌లో, అంటే కంప్యూటర్ మొదలయ్యేటప్పటి సెట్టింగుల్లో, ఆపేసి ఉంది. అడ్మిన్ పాస్‌వర్డ్ కంప్యూటర్ అమ్మినతని దగ్గర ఉంది. ఆయన ఏదో పెళ్లికి వెళ్లాడట, ఫోన్ ఎత్తలేదు. జూలై 29 సాయంత్రం వరకూ చూసి, అడ్మిన్ అనుమతి అక్కర్లేకుండా పెట్టుకోగలిగిన గిట్ బ్యాష్ (కోడ్ మార్పులు దాచే గిట్‌తో పాటు వచ్చే, విండోస్‌లో బ్యాష్ నడిపే ప్రోగ్రాం) వేసి వచ్చేశాను. రెండు రోజుల బస్సు ఛార్జీలు, టీలు కలిపి 190 రూపాయలు. డబ్బు పెద్దది కాదు గానీ, ఐదు రోజుల్లో రెండు పోయాయన్న బెంగ అప్పుడే మొదలైంది.

జూలై 31 రాత్రి కుర్రాడు ఫోన్ చేశాడు. "అక్కా, ఇక్కడి ఫోల్డర్‌నే సర్వర్‌లోకి ఎక్కించాను. స్క్రిప్టు నడపమంటే బ్యాడ్ ఇంటర్‌ప్రెటర్ అంటోంది, నో సచ్ ఫైల్ అంటోంది. ఫైల్ కళ్ల ముందే ఉందక్కా" అన్నాడు. ఆ ఎర్రర్ మొత్తం చదవమన్నాను. బిన్, బ్యాష్ అన్నాక చివర టోపీ గుర్తు, ఎం అనే అక్షరం ఉన్నాయన్నాడు. అక్కడే అర్థమైంది. విండోస్ ప్రతి లైను చివరా రెండు గుర్తులు పెడుతుంది, లినక్స్ ఒకటే పెడుతుంది. ఆ అదనపు గుర్తు బ్యాష్ పేరుకు అంటుకుని, లేని ప్రోగ్రాం కోసం వెతుకుతోంది. విండోస్‌లో గిట్ వేసేటప్పుడు నెక్స్ట్, నెక్స్ట్ అని నొక్కుకుంటూ పోతే, ఫైళ్లు దించుకునేటప్పుడు లైను చివరలు విండోస్ పద్ధతికి మార్చే ఎంపిక దానంతటదే పడుతుంది. నేనే అలా నొక్కి వచ్చాను.

సర్వర్‌లో లైను చివరలు మార్చే డాస్‌టుయూనిక్స్ నడిపితే అప్పటికి పోయింది. శాశ్వతంగా పోవాలంటే రిపోలో డాట్ గిట్‌ఆట్రిబ్యూట్స్ అనే ఫైలు పెట్టి, ఎస్‌హెచ్ ఫైళ్లకు లైను చివర ఎప్పుడూ ఎల్‌ఎఫ్‌గానే (లినక్స్ పెట్టే ఒక్క గుర్తు) ఉండాలని ఒక్క లైను రాయాలి. ఈ సంగతి నాకు ముందే తెలుసు. తెలిసినా మొదటి రోజు పెట్టలేదు. ఆ ఒక్క లైనుకు ఒక రాత్రి పోయింది.

ఆగస్టు 2, శనివారం. మాస్టారి ఇంటికి వెళ్లాను. ఆయనకు ప్రతి పుస్తకం పేజీలు లెక్కచూసి జాబితాలో టిక్కు పెట్టే భాగం కావాలి. మ్యాక్ టెర్మినల్‌లో స్క్రిప్టు నడపగానే, పేరుకో విలువ దాచే జాబితా (అసోసియేటివ్ అర్రే) కోసం రాసిన డిక్లేర్ మైనస్ పెద్ద ఏ చెల్లదంది. మా వదిన బెంగళూరులో మ్యాక్ మీదే పనిచేస్తుంది. ఫోన్ చేశాను.

"వదినా, నీ మ్యాక్‌లో బ్యాష్ వెర్షన్ ఎంత?"

"3.2. అదే ఉంటుంది, మారదు. 2006 నాటిది. తర్వాతి వెర్షన్ల లైసెన్సు మారింది కాబట్టి ఆపిల్ అక్కడే ఆగిపోయింది. నువ్వు వాడే అసోసియేటివ్ అర్రేలు 2009లో 4.0తో వచ్చాయి. మాస్టారి చేత కొత్త బ్యాష్ వేయించుకుంటావా, నీ స్క్రిప్టు మార్చుకుంటావా?"

మాస్టారి కంప్యూటర్‌లో ఏది వేసినా రేపు అప్‌డేట్ వస్తే చూసుకోవాల్సింది నేనే. స్క్రిప్టే మారుస్తానన్నాను. మార్చాక, ఫైల్లో మాటలు మార్చే సెడ్ ఆదేశం దగ్గర ఆగింది. లినక్స్‌లో సెడ్ మైనస్ ఐ అంటే ఫైల్‌ను అక్కడికక్కడే మారుస్తుంది. మ్యాక్‌లో ఆ మైనస్ ఐ తర్వాత బ్యాకప్ ఫైలుకు చేర్చాల్సిన తోక ఇవ్వాలి, ఇవ్వకపోతే మన అసలు ఆదేశాన్నే ఆ తోక అనుకుంటుంది. వదిన చెప్పిన ఉపాయం ఇప్పటికీ వాడుతున్నాను: మైనస్ ఐ కి అంటించి డాట్ బ్యాక్ అని రాస్తే రెండు చోట్లా నడుస్తుంది, తర్వాత ఆ బ్యాక్ ఫైలు చెరిపేసుకోవచ్చు. ఆ తర్వాత డేట్ దగ్గర ఆగింది. నిన్నటి తేదీ కావాలంటే లినక్స్‌లో మైనస్ డి, మ్యాక్‌లో మైనస్ వి. ఒకటి సరిచేస్తే ఇంకొకటి బయటికొచ్చేది. మాస్టారి భార్య రెండుసార్లు కాఫీ ఇచ్చారు. నాకు మొహమాటంగా ఉంది. మధ్యాహ్నం రెండు దాటాక లేచి వచ్చేశాను.

ఆ రాత్రి హైదరాబాద్‌లో ఉండే మా పాత టీమ్ లీడ్‌కి ఫోన్ చేశాను. ఆయన్ని ఇప్పటికీ సర్ అనే పిలుస్తాను.

"సర్, మూడు చోట్లా నడవాలంటే బ్యాష్‌లోనే ఉండటం తప్పంటారా?"

"తప్పని కాదమ్మా. ఫైళ్లు కదపడానికి బ్యాష్ బానే ఉంటుంది. కానీ నువ్వు జాబితా చదువుతున్నావు, తేదీలు లెక్కేస్తున్నావు, తెలుగు పేర్లు పోలుస్తున్నావు. అవన్నీ బ్యాష్ సొంతంగా చేయదు, బయటి ప్రోగ్రాముల చేత చేయిస్తుంది. ఆ ప్రోగ్రాములు ఒక్కో సిస్టంలో ఒక్కో రకం. పైథాన్ భాషలోకి మార్చెయ్. ఇంకో మాట, ఫైల్ పేర్లు ఇంగ్లిష్‌లో పెట్టెయ్. సగం కష్టాలు పోతాయి."

మొదటి సలహా ఆ క్షణమే తీసుకున్నాను. రెండోది మాస్టారి దగ్గర ఎత్తాను. ఆయన కోప్పడలేదు. "అమ్మా, ఆ పుస్తకాలు ఈ పేర్లతోనే అచ్చయ్యాయి. రేపు వెతికేవాడు తెలుగులోనే వెతుకుతాడు. ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తే ళ ఏదో ల ఏదో, ణ ఏదో న ఏదో ఎలా తెలుస్తుంది?" అన్నారు. ఆయన మాట నిజమని నాకు గట్టిగా అనిపించింది. తెలుగు పుస్తకాలను కాపాడటానికి చేసే పనిలో పుస్తకం పేరునే వదులుకోవడం నాకు ఒప్పుకోబుద్ధి కాలేదు. ఆ తర్వాత మరో ముగ్గురు ఇదే సలహా ఇచ్చారు. ముగ్గురికీ కాదనే చెప్పాను.

పైథాన్‌లో తిరగరాయడానికి ఆగస్టు 3 నుంచి 6 దాకా నాలుగు రోజులు పట్టింది. పీడీఎఫ్ కోసం ఇమ్‌జీ2పీడీఎఫ్ వాడాను. అది బొమ్మను మళ్లీ కుదించదు కాబట్టి స్కాన్ నాణ్యత తగ్గదు. మాస్టారి మ్యాక్‌లో పైథాన్3 అని కొట్టగానే ముందు డెవలపర్ టూల్స్ దించుకోవాలంటూ ఒక పెట్టె వచ్చింది. ఆయన ఇంటి నెట్ మీద అది దిగడానికి 50 నిమిషాలు పట్టింది. ఎవరి ఇంటికైనా వెళ్లి చేసే పనైతే ముందు రోజు రాత్రే దించి పెట్టమని చెప్పండి.

ఆగస్టు 7, గురువారం. కొవ్వూరు. ఈ రోజు గురించి కాస్త వివరంగా చెప్పాలి.

పరీక్ష కోసం రెండే వరసలున్న చిన్న జాబితా చేశాను. మొదటిది "గోదావరి", రెండోది "కొవ్వూరు". విండోస్‌లో పైథాన్ నడపగానే ఎర్రర్ వచ్చింది: చార్‌మ్యాప్ కోడెక్ 0ఎక్స్8డి అనే బైట్‌ను చదవలేదట. కొవ్వూరు వరస తీసేస్తే ఎర్రర్ లేదు. గోదావరి ఒక్కటే ఉంటే ప్రోగ్రాం నిమ్మళంగా ముగిసింది. కానీ తయారైన ఫోల్డర్ పేరు చూస్తే తెలుగు లేదు, ఎ మీద గీతలు, డిగ్రీ గుర్తులు, చెత్త.

కుర్రాడు పక్కనే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఇద్దరం కాగితం మీద లెక్కేశాం. అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు అక్షరానికీ మూడు బైట్లు. ఆ విండోస్‌లో పైథాన్‌కు మనం ఏమీ చెప్పకపోతే 1252 అనే పాత పట్టికతో చదివేది. ఆ పట్టికలో ఐదు గళ్లు ఖాళీ. పొల్లు గుర్తు మూడో బైట్ 8డి, అది ఖాళీ గడి. కొమ్ము మూడో బైట్ 81, అదీ ఖాళీయే. కొవ్వూరులో వ కింద వ ఒత్తు ఉంది కదా, దాని లోపల పొల్లు గుర్తు దాగి ఉంటుంది. అక్కడ ఆగిపోయింది. గోదావరిలో ఒత్తు లేదు, కొమ్ము లేదు. అందుకే దాటింది, తప్పుగా చదివి మరీ దాటింది.

ఇది నన్ను బాగా భయపెట్టింది. ఆగిపోయిన ప్రోగ్రాం మనకు తెలుస్తుంది. ఒత్తులూ కొమ్ములూ లేని పేర్లు మాత్రం చప్పుడు చేయకుండా చెత్తగా మారి సర్వర్‌లో చేరిపోయి ఉండేవి. ఫైలు తెరిచే ప్రతిచోటా ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని స్పష్టంగా రాశాను. అది కాక, విండోస్‌లో పైథాన్‌యూటీఎఫ్8 అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కు 1 ఇచ్చాను. లాగ్‌ను ఫైల్లోకి మళ్లించినప్పుడు వచ్చే ఇదే రకం ఎర్రర్ దానితో పోయింది.

ఇక ఎక్సెల్. కుర్రాడు జాబితాను మామూలు సీఎస్‌వీగా సేవ్ చేస్తే తెలుగంతా ప్రశ్న గుర్తులు అయిపోయింది. సేవ్ చేసే చోట సీఎస్‌వీ యూటీఎఫ్-8 అని వేరే రకం ఉంటుంది, అదే ఎంచుకోవాలి. అది ఫైలు మొదట్లో కనపడని గుర్తు ఒకటి పెడుతుంది, దానివల్ల మొదటి నిలువు వరస పేరు కలవదు. పైథాన్‌లో యూటీఎఫ్-8-సిగ్ అని చదివితే ఆ గుర్తు పోతుంది. నేను తయారుచేసిన సీఎస్‌వీ ఎక్సెల్‌లో చెత్తగా కనపడుతుంటే దారి చూపింది మాత్రం కుర్రాడే. "డబుల్ క్లిక్ చేయొద్దక్కా. డేటా ట్యాబ్‌లోంచి టెక్స్ట్ ఫైల్ తెచ్చుకుని 65001 ఎంచుకుంటే తెలుగు బాగా వస్తుంది" అన్నాడు. నాకు తెలియని సంగతి అది.

మర్నాడు వరలక్ష్మీ వ్రతం. కంప్యూటర్ తెరవలేదు.

ఆగస్టు 9, 10 తేదీల్లో సర్వర్ మీద నడిపాను. విండోస్‌లో 212 పేజీలు చూపిన పుస్తకానికి సర్వర్‌లో సున్నా పేజీలు చూపింది. స్కానర్ ఫైల్ చివర జేపీజీ అని పెద్దక్షరాల్లో పెడుతుంది, నేను చిన్నక్షరాల్లో వెతుకుతున్నాను. విండోస్‌కు రెండూ ఒకటే, లినక్స్‌కు వేర్వేరు. పది నిమిషాల పని. తర్వాత, సర్వర్ గడియారం యూటీసీలో ఉండటంతో రాత్రి 1 గంటకు నడిచే పని నిన్నటి తేదీ ఫోల్డర్ కోసం వెతికింది. మనకు అర్ధరాత్రి దాటాక తెల్లవారుజామున 5:30 వరకూ అక్కడ ఇంకా నిన్నే. టైమ్‌జోన్ ఏషియా, కోల్‌కతా అని పెట్టాను. లాగ్ ఫైల్ పేర్లలో 10:45 అని రాస్తే విండోస్ ఆ కోలన్‌ను ఒప్పుకోలేదు, గీత పెట్టాను. విండోస్ టాస్క్ షెడ్యూలర్‌లో స్టార్ట్ ఇన్ అనే గడి ఖాళీగా వదిలేస్తే స్క్రిప్టు సిస్టం32 ఫోల్డర్‌లోంచి నడుస్తుంది, మన ఫైళ్లు దానికి కనపడవు. ఇవన్నీ తలా ఒక గంట తిన్నాయి.

ఆగస్టు 11, సోమవారం ఉదయం మొత్తం 640 పుస్తకాలూ ఒకేసారి పెట్టాను. 19 ఆగిపోయాయి. ఎర్రర్ 36, ఫైల్ పేరు చాలా పొడవట. కొవ్వూరు విండోస్‌లో అవే పేర్లు ఏ ఇబ్బందీ లేకుండా ఉన్నాయి! అరగంట చూశాక తట్టింది. విండోస్‌లో పేరుకు పరిమితి 255 అక్షరాలు. మా సర్వర్ డిస్క్ ఫార్మాట్ ఈఎక్స్‌టీ4లో 255 బైట్లు. ఇంగ్లిష్ పేరుకు రెండూ ఒకటే. తెలుగుకు ఒక్కో అక్షరానికి మూడు బైట్లు కాబట్టి 85 అక్షరాలతో సరి. గుణింతం గుర్తు ఒకటి, పొల్లు ఒకటి, ఒత్తు ఒకటి అన్నీ విడివిడిగా లెక్కకు వస్తాయి. అంటే కంటికి కనిపించేవి నలభై అక్షరాలు దాటితే ప్రమాదమే. పాత పుస్తకాల పేర్లు తెలుసు కదా, అనునది, వ్యాఖ్యాన సహితము, ప్రథమ భాగము, అన్నీ పేరులోనే ఉంటాయి. ఈ లెక్క వదినకు చెబితే, "నాకూ తెలియదు. మా ఆఫీసులో జపనీస్ ఫైళ్లు ఎందుకు ఆగిపోతున్నాయో ఇప్పుడు అర్థమైంది" అంది. జపనీస్‌కూ మూడు బైట్లే మరి.

ప్రోగ్రాం చేత కోయిద్దామా అంటే, బైట్ల లెక్కన కోస్తే అక్షరం మధ్యలో తెగుతుంది, అక్షరాల లెక్కన కోస్తే ఒత్తు పోయి పొల్లు మిగులుతుంది. మాస్టారిని అడిగాను. ఆ 19 పేర్లూ ప్రింట్ తీసి ఇమ్మన్నారు. సాయంత్రం వెళ్లేసరికి ప్రతి పేరు పక్కనా పొట్టి పేరు, ఎర్ర సిరాతో, ముద్రాక్షరాల్లా రాసి ఉంచారు. ఒక్క పేరూ అర్థం చెడలేదు. అలా కోయడం ఏ ప్రోగ్రాం వల్లా కాదు.

ఆగస్టు 13 నాటికి అంతా కుదిరిందనుకున్నాను. మాస్టారు సరిచూసిన పుస్తకాలు తన పాత ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లో ఉంచారు. 14వ తేదీ రాత్రి ఆయన మ్యాక్ నుంచే ఎస్‌సీపీతో సర్వర్‌కు పంపాను. 15 సెలవు. 16 ఉదయం సర్వర్‌లో లెక్క చూస్తే 640 ఉండాల్సిన చోట 687 ఫోల్డర్లు ఉన్నాయి.

పేర్లు వరసగా చూశాను. ఒకే పేరు రెండుసార్లు. ఒకదాని కింద ఒకటి, అక్షరం తేడా లేదు. ఒకే చోట ఒకే పేరుతో రెండు ఫోల్డర్లు ఉండటం అసాధ్యం. నా చేతులు చల్లబడ్డాయి. చివర ఖాళీ ఏమైనా ఉందేమోనని చూశాను, లేదు. జెడ్‌డబ్ల్యూఎన్‌జే అనే కనపడని గుర్తు ఉందేమో చూశాను. పొల్లు తర్వాత అక్షరం ఒత్తుగా మారకుండా మనం పెట్టే గుర్తు అది. అది కొన్ని పేర్లలో ఉంది, ముఖ్యంగా "ప్రెస్" లాంటి మాటల చివర కుర్రాడి కీబోర్డు వదిలేసినవి. కానీ ఈ జంటల్లో లేదు. ఒకటి చెరిపేద్దామని ఆదేశం టైపు చేసి కూడా ఎంటర్ నొక్కకుండా ఆగాను. అసలు ఏది మాస్టారు సరిచూసిందో, ఏది చూడనిదో తెలియదు. ఆయన 12 రోజుల పని అందులో ఉంది.

సర్‌కి ఫోన్ చేశాను. "జంటల్లో ఉన్న పేర్లన్నిటికీ ఉమ్మడిగా ఏముందో చూడమ్మా" అన్నారు. 47 జంటలు. కాగితం మీద రాసుకున్నాను. వైద్యం, దైవం, శైవం, మైసూరు, హైదరాబాదు, నైవేద్యం. మూడోది రాసేటప్పుడే కనపడింది. అన్నిట్లోనూ ఐత్వం.

రెండు పేర్లనూ ఎక్స్ఎక్స్‌డీతో బైట్లుగా చూశాను. ఒకదాంట్లో ఐత్వం ఈ0 బి1 88, మూడు బైట్లు. రెండోదాంట్లో ఆరు బైట్లు: ఈ0 బి1 86, ఆ వెంటనే ఈ0 బి1 96. మొదటిది ఎత్వం, రెండోది కింద పడే ఆ మెలిక. యూనికోడ్‌లో ఐత్వాన్ని ఒకే గుర్తుగానూ రాయొచ్చు, ఈ రెండు ముక్కలుగానూ రాయొచ్చు, రెండూ సమానమే. తెలుగు లిపి మొత్తంలో ఇలా విడిపోయేది ఐత్వం ఒక్కటే. మాస్టారి పాత డిస్క్ మ్యాక్ పాత పద్ధతిలో, హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్‌లో ఫార్మాట్ అయి ఉంది. అది ప్రతి పేరునూ ముక్కలుగా విడదీసే దాచుకుంటుంది. లినక్స్‌కు ఆ సమానత్వం పట్టదు, బైట్లు వేరైతే పేర్లు వేరే.

కారణం దొరికినప్పుడు కళ్లలో నీళ్లు తిరిగాయి. అంత టెన్షన్ పడ్డాను. ఆరు బైట్ల పేరున్నవి మ్యాక్ నుంచి వచ్చినవి, అంటే మాస్టారు చూసినవి. ఏది ఉంచాలో తేలిపోయింది. ముందు మొత్తం ఫోల్డర్‌ను వేరే డిస్క్‌కు కాపీ చేశాను, దానికి నాలుగు గంటలు పట్టింది. తర్వాత చూడని 47 ఫోల్డర్లను పక్కకు జరిపి, మిగిలిన పేర్లను కన్వ్‌ఎమ్‌వీ అనే ప్రోగ్రాంతో ఎన్‌ఎఫ్‌సీ రూపానికి, అంటే ఐత్వం ఒకే గుర్తుగా ఉండే రూపానికి, మార్చాను. అది ముందు ఏమేం మారుస్తుందో చూపించి ఊరుకుంటుంది, నోటెస్ట్ అని విడిగా చెబితే తప్ప నిజంగా మార్చదు. ఆ జాగ్రత్త నాకు చాలా నచ్చింది. స్క్రిప్టులో కూడా పేరు ఎక్కడి నుంచి వచ్చినా పోల్చేముందు యూనికోడ్‌డేటా మాడ్యూల్‌తో ఎన్‌ఎఫ్‌సీకి మార్చేలా, పోలికప్పుడు జెడ్‌డబ్ల్యూఎన్‌జేను లెక్కలోకి తీసుకోకుండా రాశాను.

ఆ వారమే ఇంకో మార్పు చేశాను. ప్రతి ఫోల్డర్ పేరుకు ముందు నాలుగంకెల వరస సంఖ్య, తర్వాత గీత, తర్వాత తెలుగు పేరు. ప్రోగ్రాం సంఖ్యను చూసే పనిచేస్తుంది, మనిషి పేరును చూస్తాడు. సర్‌కి చెబితే, "ఇంగ్లిష్‌లో పెట్టమన్న నా సలహా కంటే ఇదే మంచిదమ్మా" అన్నారు. ఆ మాట కోసమే ఎదురుచూశానేమో, ఆ రోజంతా హాయిగా ఉంది.

ఆగస్టు 18 నుంచి 22 దాకా గోదావరికి వరద, కొవ్వూరులో కరెంటు వస్తూ పోతూ ఉంది. స్క్రిప్టు మధ్యలో ఆగితే మొదటి నుంచి కాకుండా ఆగిన చోటి నుంచి అందుకునేలా చేసింది ఆ కరెంటు వల్లే. లేకపోతే తట్టేది కాదు. అప్పుడే పరీక్ష జాబితా కూడా పెద్దది చేశాను. ఇప్పుడు అందులో ఎనిమిది పేర్లున్నాయి: గోదావరి, కొవ్వూరు, హైదరాబాదు రెండు రూపాల్లో, చివర కనపడని గుర్తున్న ప్రెస్, 83 అక్షరాల పేరొకటి, 86 అక్షరాల పేరొకటి, పెద్దక్షరాల జేపీజీ ఉన్న ఫోల్డరొకటి. 86 అక్షరాల పేరును స్క్రిప్టు ఒప్పుకోకూడదు, మిగిలినవన్నీ ఒప్పుకోవాలి. మూడు కంప్యూటర్లలోనూ ఇది నడవడానికి రెండు నిమిషాలు చాలు. జూలై 28న ఈ జాబితా నా దగ్గర ఉండి ఉంటే, మాస్టారి 12 రోజుల శ్రమ మీద నా వేలు ఎంటర్ దాకా వెళ్లేది కాదు.

23వ తేదీ సాయంత్రం విండోస్‌లో 640, మ్యాక్‌లో 640, సర్వర్‌లో 640. మాస్టారు తన మ్యాక్‌లో "వైద్య" అని కొట్టి వెతికారు. పుస్తకాలన్నీ వరసగా వచ్చాయి. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, ఒక్కో పేరూ పైకి చదివారు.

ఖర్చుల లెక్క: ప్రయాణాలు 860, రెండు పెన్‌డ్రైవ్‌లు 900, కాపీ కోసం సర్వర్‌లో అదనపు డిస్క్ ఒక నెలకు 420, డేటా రీచార్జ్ 299. మొత్తం 2,479 రూపాయలు. కూర్చున్న గంటలు 103. వినాయక చవితి అయ్యాక, ఆగస్టు 29న 18,000 నా ఖాతాలో పడ్డాయి. గడువు దాటినందుకు ట్రస్టు వాళ్లు ఒక్క మాట అనలేదు.

సెప్టెంబరు మొదట్లో కుర్రాడు ఫోన్ చేశాడు. 641వ పుస్తకం వచ్చిందట, పేరులో ఐత్వం ఉందట, ఎక్కించొచ్చా అని అడిగాడు. ముందు పరీక్ష జాబితా నడపమన్నాను. "నడిపేశానక్కా. 86 అక్షరాలది వద్దంది, మిగతావన్నీ తీసుకుంది" అన్నాడు. ఎక్కించమన్నాను.